లేదని తేలాక: పిల్లల గురించి ఒక జంట తీసుకున్న నిర్ణయం

2024 జూన్‌లో ఒక జంట నా దగ్గరికి వచ్చారు. ఆమెకు 31 ఏళ్ళు, అతనికి 34. పెళ్ళయి నాలుగేళ్ళు. ఇద్దరూ హైదరాబాద్‌లో ఉద్యోగస్తులు. ఆమె పుట్టిల్లు గోదావరి వైపు, అతనిది పల్నాడు. మేనరికం కాదు, దూరపు చుట్టరికం కూడా లేదు. ఈ కేసు రాయడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. పేర్లు రాయడం లేదు. వాళ్ళను గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

నేను జెనెటిక్ కౌన్సెలర్‌ని. ఇంట్లో వంశపారంపర్యంగా వచ్చే జబ్బు ఉంటే అది పుట్టబోయే పిల్లలకు వచ్చే అవకాశం ఎంత, ఏ పరీక్షతో తెలుస్తుంది, తెలిశాక ఏమేం దారులున్నాయి అని విడమరిచి చెప్పడం నా పని. కనండి అనో వద్దు అనో చెప్పడం నా పని కాదు. ఈ కేసులో లెక్కలన్నీ సరిగ్గానే చెప్పాను. ముందే అడగవలసిన ఒక ప్రశ్న మాత్రం అడగలేదు. దానివల్ల ఆ అమ్మాయి ఎంత నలిగిందో దగ్గర నుంచి చూశాను. అందుకే రాస్తున్నాను.

తమ్ముడు, మేనమామ

ఆమె తమ్ముడు 2016లో చనిపోయాడు. అప్పటికి అతనికి 20 ఏళ్ళు. జబ్బు డుషేన్ మస్కులర్ డిస్ట్రఫీ, పొట్టిగా డీఎండీ అంటారు. కండరాల కణాలకు దన్నుగా ఉండే డిస్ట్రఫిన్ అనే ప్రోటీన్ ఒంట్లో తయారు కాదు. కండరం పనిచేసిన కొద్దీ దెబ్బతింటూ పోతుంది. నాలుగేళ్ళప్పుడు మెట్లెక్కలేకపోయేవాడు. కింద కూర్చుంటే చేతులు తొడల మీద ఆనించి, తన ఒంటి మీద తనే పాకినట్టుగా లేచేవాడు. పిక్కలు లావుగా కనిపిస్తుంటే పిల్లాడు గట్టిగా ఉన్నాడని ఇంట్లోవాళ్ళు మురిసిపోయారట. అయిదో ఏట జబ్బు పేరు తెలిసింది. పదకొండో ఏట చక్రాల కుర్చీ. చివరికి ఊపిరి తీసుకునే కండరాలు, గుండె.

మొదటి రోజు నేను చేసేది వంశవృక్షం గీయడం. మూడు తరాలు, మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు గుండ్రం. ఆమె తల్లి వైపు గీస్తుండగా ఒక మేనమామ 16 ఏళ్ళకు పోయాడని చెప్పింది. "పోలియో అనేవారు మేడమ్" అంది. పాత తరాల్లో నడవలేని పిల్లవాడంటే పోలియో అనడం మామూలు, అందుకే ఆ మాట దగ్గర నేనెప్పుడూ ఆగుతాను. ఆ మామయ్య ముందు నడిచి తర్వాత మానేశాడా అని అడిగాను. ఆమె అక్కడే తల్లికి ఫోన్ చేసింది. చిన్నప్పుడు బడికి నడిచే వెళ్ళేవాడు, తర్వాత తర్వాత తాతయ్య భుజాన వేసుకుని తీసుకెళ్ళేవాడు అని తల్లి చెప్పింది. పోలియో సాధారణంగా జ్వరంతో వచ్చి కొద్ది రోజుల్లోనే కాలు పడేస్తుంది, చాలామందిలో ఒక కాలు ఎక్కువ, ఒక కాలు తక్కువ. రెండు కాళ్ళూ ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా తగ్గాయంటే అది వేరే కథ.

ఆ ఒక్క ఫోన్‌తో లెక్క మారిపోయింది. డీఎండీ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లలకు ఉండేది ఒక్క ఎక్స్, అందులో లోపం ఉంటే జబ్బు వస్తుంది. ఆడవాళ్ళకు రెండు, ఒకటి పాడైనా రెండోది కాస్తుంది, అలాంటివాళ్ళను క్యారియర్ అంటాం. ఇటు కొడుక్కీ (ఆమె తమ్ముడు), అటు తోడబుట్టినవాడికీ (ఆమె మేనమామ) జబ్బు ఉందంటే ఆమె తల్లి క్యారియర్ అని పరీక్ష లేకుండానే చెప్పొచ్చు. అప్పుడు కూతురు క్యారియర్ అయ్యే అవకాశం సరిగ్గా సగం. ఆమె క్యారియర్ అయితే పుట్టే మగపిల్లల్లో ప్రతి ఒక్కరికీ జబ్బు వచ్చే అవకాశం సగం, ఆడపిల్లల్లో ప్రతి ఒక్కరూ క్యారియర్ అయ్యే అవకాశం సగం.

మాకు కలిసొచ్చిన సంగతి ఒకటుంది. తమ్ముడికి 16 ఏళ్ళప్పుడు చేయించిన జన్యుపరీక్ష రిపోర్ట్‌ను ఆమె ఫైల్లో భద్రంగా దాచుకుంది. ఈ జన్యువులో 79 ఎక్సాన్లు, అంటే ప్రోటీన్ తయారీకి సూచనలుండే ముక్కలు ఉంటాయి. అతనికి 48 నుంచి 50 వరకు మూడు ఎక్సాన్లు లేవు. కుటుంబంలో లోపం ఎక్కడుందో ఇలా ముందే తెలిస్తే ఆమె రక్తంలో ఆ ఒక్కచోటే చూస్తే చాలు, ఉందో లేదో ఖాయంగా చెప్పొచ్చు. ఆ రిపోర్ట్ లేకపోతే "కనబడలేదు" అనే జవాబుకు అంత బలం ఉండదు. ఇళ్ళలో పోయినవాళ్ళ ఆస్పత్రి కాగితాలు చూడలేక పారేస్తారు. ఆ బాధ నాకు తెలుసు. అయినా దయచేసి ఆ ఒక్క కాగితం ఉంచుకోండి.

క్యారియర్ అని తేలితే ఏమేం దారులున్నాయో గంటసేపు చెప్పాను. గర్భం వచ్చాక 11 వారాలు దాటితే మావి నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష, 16 వారాలు దాటితే ఉమ్మనీటి పరీక్ష. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టంలోనే, ఎక్స్ క్రోమోజోమ్‌తో వచ్చే జబ్బుల కోసం నమోదైన కేంద్రాల్లో చేసే పరీక్షలకు అనుమతి ఉంది. ఐవీఎఫ్‌తో పిండాన్ని ముందే పరీక్షించి గర్భంలో పెట్టడం ఇంకో దారి. దత్తత ఒక దారి. పిల్లలు లేకుండా ఉండడం కూడా ఒక దారే అని చెప్పాను. అది చెప్పినప్పుడు ఆమె తలెత్తి నావైపు చూసింది. నేను గమనించాను, గమనించి తర్వాతి విషయానికి వెళ్ళిపోయాను.

"ఉందని వస్తే ఏం చెయ్యాలనుకుంటున్నారు?" అని అడిగాను. ఆలోచిస్తామన్నారు. "లేదని వస్తే?" అని అడగలేదు. లేదని వస్తే ఇక చెప్పేదేముంది, సంతోషమే కదా అనుకున్నాను. రక్తం ఇచ్చి వెళ్ళారు.

రిపోర్ట్ వచ్చిన రోజు

మూడు వారాలకు రిపోర్ట్ వచ్చింది. 48, 49, 50 ఎక్సాన్లు రెండు కాపీలూ ఉన్నాయి. క్యారియర్ కాదు. ఆమెకు పుట్టే పిల్లలకు తమ్ముడి జబ్బు వస్తుందన్న భయం ఇక లేదు.

వాళ్ళు కుర్చీల్లో సర్దుకోకముందే చెప్పాను, ఇలాంటి వార్త ఆలస్యం చేయకూడదని. అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు, తర్వాత నవ్వాడు, వెంటనే వాళ్ళమ్మకు చెప్పడానికి జేబులోంచి ఫోన్ తీశాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుంది.

"ఆగండి" అంది. "కొంచెం ఆగండి."

తర్వాత ఏడవడం మొదలుపెట్టింది. అది సంతోషంతో వచ్చిన ఏడుపు కాదని నాకు తెలియడానికి ఒక నిమిషం పట్టింది, అతనికి ఇంకొంచెం ఎక్కువ పట్టింది. మంచినీళ్ళు ఇచ్చాను. చాలాసేపటికి, కిందకి చూస్తూనే అంది: "మేడమ్, మా అత్తగారికి నేను క్యారియర్‌నే అని చెప్పొచ్చా?"

ఆ రిపోర్ట్ ఆమెది. ఎవరికి చెప్పాలి, చెప్పకూడదు అన్నది ఆమె ఇష్టం, నేనైతే ఆమె అనుమతి లేకుండా ఎవరికీ చెప్పను. అది స్పష్టంగా చెప్పాను. కానీ లేనిది ఉన్నట్టు రాసి ఇవ్వలేనని కూడా చెప్పాను. ఇంతకన్నా ఆ క్షణంలో ఏం చెప్పినా ఎక్కువే అవుతుందనిపించింది. ఆమె చెప్పాల్సింది ఉంది.

నాలుగేళ్ళుగా ఆమెను ప్రతి పండక్కీ, ప్రతి పేరంటంలోనూ "ఏమైనా విశేషమా?" అని అడుగుతున్నారు. తమ్ముడి జబ్బు సంగతి చెప్పగానే అడిగినవాళ్ళు తగ్గేవాళ్ళు, జాలిపడేవాళ్ళు. ఆ జబ్బు ఆమెకు ఒక గొడుగు అయింది. ఇప్పుడు నేను దాన్ని తీసేశాను. ఆమెకు పిల్లలు వద్దని భర్తకు కూడా ఎప్పుడూ నోరు విప్పి చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమే రాలేదు. "జబ్బు ఉంటే వద్దని నేననక్కర్లేదు, దేవుడే అన్నట్టవుతుంది అనుకున్నాను" అంది.

అతను మాట్లాడలేదు. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు.

ఇలాంటి పరీక్షల్లో చెడ్డ వార్త విన్నవాళ్ళే కాదు, మంచి వార్త విన్నవాళ్ళు కూడా కుంగిపోతారని మా చదువులోనే ఉంది. తోబుట్టువుకు వచ్చి తనకు రాలేదన్న అపరాధ భావం వస్తుంది. జబ్బు వస్తుందనుకుని వదులుకున్న జీవితం ఎదురుగా వచ్చి నిలబడుతుంది. పెద్దయ్యాక మెదడును దెబ్బతీసే, వంశపారంపర్యంగా వచ్చే హంటింగ్టన్ జబ్బుకు ముందస్తు పరీక్ష చేసేటప్పుడు రెండు జవాబుల గురించీ ముందే మాట్లాడించడం పద్ధతి. డీఎండీ క్యారియర్ పరీక్షకు నేను ఆ జాగ్రత్త తీసుకోలేదు. ఆమె తలెత్తి చూసిన ఆ క్షణంలో ఆగి ఉంటే, ఈ మాటలు మూడు వారాల ముందే, రిపోర్ట్ భారం లేకుండా, ఇద్దరి మధ్యా నెమ్మదిగా వచ్చి ఉండేవి. అతను ఆ పూట అలా దెబ్బతిని ఉండేవాడు కాదు.

రాత్రి రెండు గంటలు

తర్వాతి వారం ఆమెను ఒంటరిగా రమ్మన్నాను. పిల్లల గురించి ఏమీ అడగలేదు. తమ్ముడి గురించి చెప్పమన్నాను.

డీఎండీ పిల్లలు పెద్దవుతున్న కొద్దీ నిద్రలో తమంతట తాము పక్కకు తిరగలేరు. ఒకే పక్కన పడుకుంటే నొప్పి, ఒరుపులు. ఎవరో ఒకరు లేచి తిప్పాలి. తండ్రి పొలం పనికి తెల్లారకముందే లేవాలి, తల్లికి నడుం నొప్పి. అందుకని ఆమె తొమ్మిదో తరగతి నుంచీ తమ్ముడి మంచం పక్కనే పడుకునేది. రాత్రికి మూడు నాలుగుసార్లు "అక్కా, తిప్పవా" అని పిలిచేవాడు. ఇంటర్ పరీక్షలప్పుడూ, డిగ్రీలోనూ అంతే. ఇంజనీరింగ్ సీటు వేరే ఊళ్ళో వస్తే వెళ్ళలేదు. వాడికి నోట్లో అన్నం పెట్టడం, బాత్రూమ్‌కి ఎత్తుకెళ్ళడం, ఒక్కోసారి వాడు విసుక్కుంటే పడడం, వాడు ఏడిస్తే వాడితోపాటు ఏడవడం.

"వాడు పోయి ఎనిమిదేళ్ళయింది. ఇప్పటికీ రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది మేడమ్. పిలిచాడేమో అని వింటాను."

ఆ తర్వాత ఆమె అన్నది నేను రాసిపెట్టుకున్నాను: "అందరూ నాకు పిల్లల పెంపకం తెలియదు, కంటే తెలుస్తుంది అంటారు. నేను ఒక పిల్లాణ్ణి పెంచేశాను. నా చేతుల్లోనే పోయాడు."

పిల్లలుగా ఉండగానే ఇంట్లో పెద్దల బాధ్యత మోసినవాళ్ళు నా గదిలోకి తరచుగా వస్తారు, ఎక్కువగా అక్కలే. వాళ్ళలో చాలామంది తర్వాత ఇష్టంగా పిల్లల్ని కన్నారు కూడా. కాబట్టి చిన్నప్పటి భారం ఉంది కనుక పిల్లలు వద్దంటోంది అని తేల్చెయ్యడం తప్పు. వద్దంటోంది కనుక అది తీరని దుఃఖమే, మందు వేస్తే మారిపోతుంది అనుకోవడం ఇంకా పెద్ద తప్పు. నా ముందున్న చిక్కు ఇదే. ఆమె వద్దనడంలో దుఃఖం ఎంత, ఆమె మనసు ఎంత? రెండూ కలిసిపోయి ఉండగా నిర్ణయం తీసుకోమని అడగడం న్యాయం కాదు.

అందుకే ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపాను. ముందే ఒక మాట స్పష్టంగా చెప్పాను: ఇది మిమ్మల్ని పిల్లల్ని కనడానికి ఒప్పించడానికి కాదు, రాత్రిళ్ళు నిద్రపట్టడానికి. భర్తకు కూడా అదే మాట చెప్పాను, అతని ముఖంలో ఆశ కనబడింది కాబట్టి ఇంకా గట్టిగా చెప్పాను. పిల్లల సంగతి మాట్లాడడం ఆరు నెలలు ఆపుదామని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆమెకు 31 కాబట్టి ఆ ఆరు నెలలు పెద్ద నష్టం కాదు. 35 దాటి ఉంటే ఇంత ధైర్యంగా ఆపమనేదాన్ని కాదు, గర్భం నిలిచే అవకాశం ఆ వయసు తర్వాత వేగంగా తగ్గుతుంది.

తల్లి

ఆగస్టులో ఆమె తల్లిని పిలిపించాను. అందుకు వైద్యపరమైన కారణం ఉంది. డీఎండీ క్యారియర్లకు జబ్బు రాదు అనుకుంటారు కానీ కొందరికి గుండె కండరం బలహీనపడుతుంది. ఏ ఇబ్బందీ లేకపోయినా కొన్నేళ్ళకొకసారి ఎకో (గుండె స్కాన్) చేయించుకోవాలి. ఈ సంగతి ఆవిడకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే లావు వల్ల అనుకున్నారు. ఎకోలో గుండె పంపింగ్ కొంచెం తగ్గిందని తేలింది, మందులు మొదలయ్యాయి. తమ్ముణ్ణి, కొడుకునీ చూసుకుంటూ బతికిన మనిషి గుండె వైపు ఎవరూ చూడలేదన్నది నాకు చాలా బాధ కలిగించింది.

కూతురికి లేదని విని ఆవిడ చేతులు జోడించింది. తర్వాత గొంతు తగ్గించి, "నా వల్లే కదమ్మా వాడికొచ్చింది" అంది. తన అత్తగారు చచ్చేదాకా అన్న మాట అదేనని చెప్పింది. ఎక్స్ క్రోమోజోమ్ తల్లి ఎంచి ఇచ్చేది కాదని, ఏది వెళుతుందో ఎవరి చేతుల్లోనూ ఉండదని చెప్పాను. తల ఊపింది, నమ్మినట్టు లేదు. "నా కూతురు ఒక ఆరోగ్యమైన బిడ్డను ఎత్తుకుంటే నా పాపం కడుక్కుపోయినట్టే" అంది.

కూతురు పక్కనే కూర్చుని ఉంది. ఆ మాట ఆమెకు కొత్త కాదని ముఖం చూస్తే తెలిసింది. తల్లి కడుపుకోత తీర్చడానికి ఒక బిడ్డ కావాలి, అత్తగారి వంశానికి ఒక బిడ్డ కావాలి. ఆ అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ఎక్కువమంది పిల్లల్ని కనమన్నారు. మరుసటి నెలలో, ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులనే నిబంధనను అసెంబ్లీ ఎత్తేసింది. మామగారు ఆ వార్తను కొడుక్కి వాట్సాప్‌లో పంపారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు, జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. ఆ ఆందోళన నిజమైనదే. కానీ రాత్రి రెండింటికి మెలకువ వచ్చే ఒక మనిషిని ఆ లెక్కలో వేసి అడగడం నావల్ల కాదు.

అతను

సైకాలజిస్టు దగ్గర ఎనిమిది సెషన్లు అయ్యాయి. నవంబర్ చివరికి ఆమె రాత్రంతా నిద్రపోతోంది. తమ్ముడి ఫొటో పెళ్ళయ్యాక మొదటిసారి హాల్లో పెట్టింది. 2025 జనవరిలో, సంక్రాంతి అయ్యాక, ఇద్దరూ మళ్ళీ వచ్చారు.

నేను వాళ్ళకు ఒక పని ఇచ్చాను, నాకు ముందు చాలామంది కౌన్సెలర్లు వాడినదే. రెండు వారాలు, పిల్లల్ని కంటామని నిర్ణయించేసుకున్నట్టే బతకండి. ఇంట్లో ఏ గది, ఎవరి ఉద్యోగం, ఎవరు రాత్రి లేస్తారు, అన్నీ మాట్లాడుకోండి. తర్వాత రెండు వారాలు, కనకూడదని నిర్ణయించేసుకున్నట్టు. ఎవరికీ చెప్పొద్దు. ఏ పూట మనసు ఎలా ఉందో విడివిడిగా రాసుకోండి, ఒకరిది ఒకరు చదవొద్దు. ఇది పరీక్ష కాదు, జవాబు చెప్పదు. కానీ మాటల్లో తేలనిది కొన్నిసార్లు నిద్రలో, ఆకలిలో తెలుస్తుంది.

మొదటి రెండు వారాల్లో ఆమె భయపడలేదు. ఆ సంగతి ఆమెకే ఆశ్చర్యం. "భయం పోయింది మేడమ్. కావాలని మాత్రం రాలేదు. ఎవరింట్లోనో పనికి కుదిరినట్టుంది" అని రాసుకుంది. రెండో రెండు వారాల్లో ఎప్పుడో మానేసిన వీణ క్లాసు గురించి వాకబు చేసింది. దుఃఖం తగ్గింది, కోరిక మారలేదు. నేను తెలుసుకోవాలనుకున్నది అదే.

అతని కాగితం చదవడం నాకు కష్టమైంది. కనకూడదనుకున్న రెండు వారాలూ తన ఎదురింటి పిల్లవాడు సైకిల్ నేర్చుకోవడం బాల్కనీలోంచి చూస్తూ గడిపానని రాశాడు. అతని ఆరో ఏట తండ్రి గల్ఫ్ వెళ్ళి పదేళ్ళు రాలేదు. తను అలాంటి తండ్రి కాకూడదని చిన్నప్పటి నుంచీ అనుకున్నాడు. అంటే అతని కోరిక వెనక వంశం లేదు, అమ్మా నాన్నా లేరు. అది అతనిదే. ఇలాంటి చోట భర్త కోరికను తేలిగ్గా తీసుకుని ఆమె పక్షాన నిలబడడం కౌన్సెలర్లకు సులువు. నేను అలా చేయకూడదని గట్టిగా అనుకున్నాను. అతను పోగొట్టుకునేది ఏమిటో ఆమె ఎదురుగా పూర్తిగా చెప్పనిచ్చాను. ఆమె విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడలేదు.

దత్తత గురించి అడిగాడు. రెండేళ్ళలోపు బిడ్డను దత్తత తీసుకోవాలంటే దంపతులిద్దరి వయసులూ కలిపి 85 దాటకూడదు, వాళ్ళకు ఇంకా చాలా సమయం ఉంది. కానీ ఆమె అంది, "కనడం కాదండీ నాకు కష్టం. పెంచడం." అతను తలూపాడు.

ఏప్రిల్‌లో చివరిసారి వచ్చినప్పుడు నిర్ణయం చెప్పారు. కనరు. "ఇప్పటికి వద్దు" అని చెబితే ఇంట్లో గొడవ తక్కువ కదా అని అతను మొదట అన్నాడట. ఆమె ఒప్పుకోలేదు. "ఇప్పటికి అంటే ప్రతి పండక్కీ మళ్ళీ అడుగుతారు. మీరు కూడా మనసులో అడుగుతూనే ఉంటారు" అందట.

"నాకు కావాలనే ఉంది మేడమ్, లేదని అబద్ధం చెప్పలేను" అన్నాడతను నాతో. "కానీ తను చెప్పినదాంట్లో నేను కాదనగలిగింది ఏదీ దొరకలేదు."

నేను వాళ్ళతో చెప్పింది ఒక్కటే. అతనికి బాధ వచ్చిన రోజు బాధగా ఉందని అనొచ్చు, అది ఆమె మీద ఒత్తిడిగా లెక్క కాదు. ఆమె విని ఊరుకోవచ్చు, మనసు మార్చుకోనక్కర్లేదు. ఈ మాట మీద ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

వాళ్ళమ్మకు అతనే చెప్పాడు, ఒంటరిగా ఊరెళ్ళి. జబ్బును అడ్డం పెట్టలేదు. ఆవిడ రెండు నెలలు ఫోన్ ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తుతున్నారు. ఆ విషయం తప్ప అన్నీ మాట్లాడతారు. ఆమె తల్లికి చెప్పడం మాత్రం చాలా కష్టమైంది, అది ఇంకా సర్దుకోలేదు.

పిన్ని కూతురు

డీఎండీ ఇంట్లో ఒక్కరితో పని అయిపోదు. తల్లి క్యారియర్ అంటే ఆవిడ అక్కచెల్లెళ్ళు, వాళ్ళ కూతుళ్ళు కూడా పరీక్ష చేయించుకోవలసినవాళ్ళే. పిన్ని కూతురికి ఆ వేసవిలో పెళ్ళి కుదిరింది. ఆ అమ్మాయిని ఆమే వెంటబెట్టుకుని తీసుకొచ్చింది.

ఈ కేసు తర్వాత, రక్తం తీసే ముందు నింపే ఫారంలో నేను ఒక ప్రశ్న చేర్చాను: "మీలో ఈ లోపం లేదని తేలితే, ఆ తర్వాత ఏం చేయాలని ఉంది?" దాని కింద నాలుగు గీతలు ఖాళీగా ఉంటాయి. పెళ్ళికూతురు మిగతావన్నీ గబగబా నింపి, అక్కడికొచ్చి ఆగింది. పెన్ను పక్కన పెట్టి అక్క వైపు చూసింది.

"తొందరేం లేదు, ఆలోచించుకో" అంది ఆమె.

ఆ రోజు రక్తం తీయలేదు. రెండు వారాల తర్వాత మళ్ళీ వస్తామని వెళ్ళారు.